బిడ్డ అడిగే ప్రశ్న

ఇంట్లో తల్లికో తండ్రికో క్యాన్సర్ అని తేలగానే ఆసుపత్రి గురించి, డబ్బు గురించి, సెలవుల గురించి మాట్లాడుకుంటారు. పదో తరగతో ఇంటరో చదువుతున్న బిడ్డకు ఏం చెప్పాలన్నది మాత్రం అలాగే ఉండిపోతుంది. ‘పరీక్షలయ్యాక చెబుదాంలే’ అనుకుంటారు పెద్దలు. పక్క గదిలో ఆ బిడ్డ అప్పటికే అంతా వింటుంటాడు. రిపోర్టులో కనిపించిన పేరును ఫోనులో వెతికి, ఆ భయాన్ని ఒంటరిగా మోస్తుంటాడు.

కఠోపనిషత్తులోని నచికేతుడూ పిల్లవాడే. తండ్రి యజ్ఞంలో వట్టిపోయిన ముసలి ఆవులను దానమిస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు. మరి నన్నెవరికి ఇస్తావని పదేపదే అడిగాడు. విసిగిపోయిన తండ్రి మృత్యువుకిస్తానన్నాడు. యముడి ఇంట మూడు రాత్రులు పస్తున్నందుకు ఆ పిల్లవాడికి మూడు వరాలు దక్కాయి. తండ్రి మనసు కుదుటపడాలని, కోపం చల్లారి తనను ప్రేమగా పలకరించాలని మొదటి వరం కోరాడు. తనను కసురుకున్న తండ్రి గురించే అతని బెంగ! ఎదురు సమాధానాలు చెప్పి, గది తలుపేసుకునే మన పిల్లల్లోనూ చాలాసార్లు ఉండేది ఆ బెంగే.

చనిపోయాక ఏమవుతుందని మూడో వరంగా అడిగితే యముడు మాట మార్చబోయాడు. ఏనుగులు, గుర్రాలు, బంగారం, దీర్ఘాయువు ఇస్తానన్నాడు. మనమూ అడిగిందల్లా కొనిచ్చి పిల్లల ప్రశ్నను దాటవేయాలని చూస్తాం. నచికేతుడు లొంగలేదు. వినగల శక్తి అతనికి ఉందని రూఢి చేసుకున్నాక యముడు ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పెద్దలకూ ఇదే దారి. జబ్బు పేరు చెప్పాలి. కీమోతో నీరసం, వాంతులు రావచ్చని, జుట్టు రాలవచ్చని చెప్పాలి. రక్తకణాలు తగ్గిన రోజుల్లో జ్వరం వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలనీ ముందే చెబితే, ఆ రోజు వచ్చినప్పుడు బిడ్డ బెంబేలెత్తడు. ‘నీకు తగ్గిపోతుందా అమ్మా?’ అని అడిగితే, ‘తగ్గించాలనే డాక్టర్లు మందులిస్తున్నారు. ఏ కబురైనా నీకు చెబుతాను, నీ దగ్గర దాచను నాన్నా’ అన్న మాట ఉత్త ధైర్య వచనాల కన్నా గట్టిగా నిలబడుతుంది.

పరామర్శకు వచ్చినవాళ్లు ‘ఏ జన్మ పాపమో’ అంటుంటారు. అది పిల్లల చెవిన పడుతుంది. తను మాట వినకపోవడం వల్లే అమ్మకు ఇలా అయిందేమోనని లోలోపల కుమిలిపోయే పిల్లలూ ఉంటారు. శ్రీరామకృష్ణ పరమహంసకు గొంతు క్యాన్సర్ వచ్చింది. రమణ మహర్షి ఎడమ చేతి మీద లేచిన కణితికి 1949లో నాలుగుసార్లు శస్త్రచికిత్స జరిగింది. ఆ మహాత్ములను శిక్షించడానికి జబ్బు వచ్చిందని ఎవరనగలరు? జబ్బు దేహధర్మం. వారి కాలంలో లేని వైద్యం నేడు అందుబాటులో ఉందని, తొలి దశలో గుర్తించిన ఎన్నో క్యాన్సర్లు నయమవుతున్నాయని కూడా బిడ్డకు చెప్పాలి.

1885 డిసెంబరులో పరమహంసను కలకత్తా శివారులోని కాశీపూర్ తోట ఇంటికి తీసుకెళ్లారు. శారదాదేవి పథ్యం వండేవారు. యువ శిష్యులు వంతులు వేసుకుని రాత్రింబవళ్లు కనిపెట్టుకున్నారు. తండ్రి పోయి, ఇల్లు గడవని కష్టంలో, న్యాయశాస్త్రం చదువుతూనే నరేంద్రుడు గురువు దగ్గరుండి సేవ చేశాడు. అతనే తర్వాత వివేకానందుడు. ఆ శిష్యుల మధ్య విడదీయలేని బంధం ఆ సేవలోనే ముడిపడింది. పరమహంస వారి సేవను కాదనలేదు.

అలా సేవ అందుకోవడం తల్లిదండ్రులూ నేర్చుకోవాలి. మందుల వేళలు రాసిపెట్టడం, ఆసుపత్రి ఫైలు సర్దడం లాంటి పని అప్పగిస్తే బిడ్డకు తనూ అక్కరకొస్తున్నానన్న నిబ్బరం వస్తుంది. ‘ఇక ఇంటికి నువ్వే పెద్దదిక్కు’ అని మాత్రం అనకూడదు. వంటిల్లంతా కూతురి మీద పడేసి కొడుకుని వదిలేయడమూ న్యాయం కాదు. స్నేహితులు, ఆట, సినిమా ఆ వయసుకు కావాలి. వాటిని ఆనందిస్తున్నందుకు బిడ్డ సిగ్గుపడేలా చేయకూడదు. ఇంటి కట్టుబాట్లూ ఎప్పటిలాగే ఉండాలి. మందు ఎక్కించిన తర్వాతి రోజుల్లో లేవలేకపోయినా, పడుకునే బిడ్డ కబుర్లు వినవచ్చు. అదీ పెంపకమే. ఓపిక వచ్చిన రోజున కలిసి భోంచేస్తే చాలు.

‘దేవుడుంటే అమ్మకు ఇలా ఎందుకు చేస్తాడు? నేను గుడికి రాను’ అని బిడ్డ అన్నా కసురుకోవద్దు. దగ్గర కూర్చోబెట్టుకుని వినండి. ఆ కోపం నిండా అమ్మ బతకాలన్న తపనే ఉంది. ఆ వయసులో అంతకు మించిన ప్రార్థన లేదు.