“మేము” అనుట, “నేను” అనుట



ఆదివారపు ఆరాధనలో “మేము పాపులము” అని అందరము ఒప్పుకొందుము. సోమవారమున పొరుగువాడు వచ్చి, “నీవు పొలము గట్టు జరిపితివి” అనిన యెడల, “నేనా?” అని మండిపడుదుము. “మేము” అనుట సులభము, “నేను” అనుట కష్టము.

అర్మేనియా భక్తకవియైన నరేకు గ్రెగొరీ ఈ కష్టమైన మాటనే పట్టుకొనెను. ఈయన 10వ శతాబ్దపు మధ్యకాలమున జన్మించెను. తల్లి చిన్ననాడే మరణించెను. వాను సరస్సునకు దక్షిణముననున్న నరేకు మఠములో పెరిగి, జీవితమంతయు అక్కడనే ప్రార్థనలో గడిపెను. సుమారు 1002లో, వ్యాధిగ్రస్తుడై యుండి, 95 ప్రార్థనలుగల విలాప గ్రంథమును ముగించెను. అందులో లోకములోని పాపములన్నియు తనవే యన్నట్లు ఒప్పుకొనెను.

ఇది న్యాయమేనా? చేయని నేరమును చేసితిననుట అబద్ధము కాదా?

దానియేలు సంగతి తలంచుడి. అతనియందు శత్రువులకు సహితము తప్పు దొరకలేదు. అయినను తన జనుల పాపమును తన పాపముతో కలిపి ఒప్పుకొనెను. గ్రెగొరీయు అట్లే చేసెను. యజమానుడు, దాసుడు, పురుషుడు, స్త్రీ, ఎవరైనను తన మాటలతో ప్రార్థింపవలెనని ఆయన కోరెను. పరిసయ్యుడు తాను ఇతరులవంటివాడను కానని సంతోషించెను. గ్రెగొరీ ఆ ఇతరుల నడుమ నిలువబడెను. అది అబద్ధము కాదు, ప్రేమ.

అయితే ఇందులో మనకొక అపాయమున్నది. పాపములన్నియు నావేయని కన్నీరు కార్చి, జరిపిన గట్టును మాత్రము అట్లే యుంచవచ్చును. పెద్ద ఒప్పుకోలు చాటున చిన్న దొంగతనము దాగుకొనును. గట్టును తిరిగి దాని చోట పెట్టువాని నోటనే “నేను పాపిని” అను మాట నిజమగును.

అర్మేనీయులు ఈ గ్రంథమును రోగుల తలగడ క్రింద ఉంచెడివారు. నేరములతో నిండిన పుస్తకము రోగికి ఆదరణ యెట్లగును? దాచుకొన్నవానికి భయము విడువదు. అంతయు చెప్పుకొన్నవానికి దాచుటకేమియు మిగులదు, దేవుని కనికరము మాత్రమే మిగులును.

1915లో అర్మేనీయులు ఆ ప్రాంతమునుండి నిర్మూలము చేయబడిరి. నేడు అక్కడ ఆ మఠము లేదు. ఆ ప్రార్థనలు మాత్రము నిలిచియున్నవి.

ఈ రాత్రి మోకరించునప్పుడు “మేము” అను మాటను కొంతసేపు ప్రక్కనుంచి, “నేను” అని ఆరంభింతము. తెల్లవారగానే పొరుగువాని యింటికి పోదము.