జపాన్ యాత్ర - విహారమా, తీర్థమా? ఒక తల్లి అడిగిన ప్రశ్నకు సమాధానం



జపాన్‌లో మన సరస్వతీ అమ్మవారి గురించి వీడియో చేశాక చాలామంది అడిగారు, "గురువుగారూ, అక్కడికి వెళ్ళాలంటే ఎలా ప్లాన్ చేసుకోవాలి? ఏయే ఊళ్ళు చూడాలి?" అని. వాటన్నిటికీ కలిపి ఇంకో వీడియో చేద్దామనుకున్నాను. ఈలోగా ఒక తల్లి పంపిన ఉత్తరం నన్ను ఆపేసింది. ఆవిడ అనుమతితో, పేరు చెప్పకుండా, ఆ ప్రశ్న మీ ముందు పెడుతున్నాను.

ఆవిడ భర్త లెక్చరర్‌గా చేసి రిటైరయ్యారు. జపాన్ చూడాలని ఆయనకు ఎంతో కోరిక. ఒక నోట్‌బుక్‌లో 27 ప్రదేశాలు రాసుకున్నారు. రైళ్ళు, గుళ్ళు, కొండలు, ఆకులు ఎర్రబడే కాలం, అన్నీ ఆయన చేతిరాతలోనే. డబ్బు కూడబెట్టారు. ఇంతలో ఆయన వెళ్ళిపోయారు. సంవత్సరీకం ఈమధ్యే పూర్తయింది. పెద్దబ్బాయి నవంబర్ నెలకి 10 రోజులకు టిక్కెట్లు తీశాడు, తనూ వెంట వస్తానంటున్నాడు. ఆవిడ అడిగినవి రెండే. "భర్త పోయాక షికార్లేంటి అని చుట్టాలు అంటున్నారు, నేను వెళ్ళొచ్చా? వెళితే, నా మోకాళ్ళతో ఈ 27 చోట్లూ తిరగలేను. కొన్ని వదిలేస్తే ఆయన మాట వదిలేసినట్టు కాదా?"

చూడండి, మనం మామూలుగా అడిగే "ఏ ఊరు ముందు, ఏ ఊరు తర్వాత" లాంటి ప్రశ్న కాదిది. అయినా దీనికి జవాబు చెప్తే, ప్లానూ దానితోపాటే వచ్చేస్తుంది.

వెళ్ళొచ్చా?

వెళ్ళండమ్మా. నిక్షేపంగా వెళ్ళండి.

ఈ మాట ఊరికే అనడంలేదు. మహాభారతంలో అరణ్యపర్వం గుర్తు తెచ్చుకోండి. పాండవులు తీర్థయాత్రకు ఎప్పుడు బయలుదేరారు? సంతోషంగా ఉన్నప్పుడా? కాదు. అర్జునుడు దివ్యాస్త్రాల కోసం వెళ్ళిపోయాడు. కామ్యకవనంలో ఎటు చూసినా అతనే గుర్తొస్తున్నాడు. ఉన్నచోట ఉండలేక ధర్మరాజు ధౌమ్యుణ్ణి అడిగాడు, వేరే ఎక్కడికి వెళదాం అని. అప్పుడు ధౌమ్యుడు నాలుగు దిక్కుల్లో ఉన్న తీర్థాలన్నీ వర్ణించి చెప్పాడు. అంటే, దుఃఖంలో ఉన్నవాడు ఇల్లు కదలకూడదని కాదు, ఇల్లు కదలడమే ఆ దుఃఖానికి మందని మన పెద్దలకి తెలుసు. ఏటిసూతకంలో యాత్రలు మానడం ఆచారం. మీరు దాన్ని పాటించారు. అది పూర్తయ్యాక కూడా తలుపు వేసుకుని కూర్చోవాలని ఏ ఆచారమూ చెప్పదు. చుట్టాలు చెప్తారంతే.

విహారమా, తీర్థమా?

"అది పరాయి దేశం కదా, తీర్థం ఎలా అవుతుంది?" అని కొందరికి సందేహం రావచ్చు. పేర్లు మారాయి గానీ, అక్కడ మనవాళ్ళు చాలామంది ఉన్నారండీ. వీణలాంటి వాద్యం పట్టుకుని నీటి ఒడ్డున కొలువుండే బెంజైతెన్ మన సరస్వతి. తైషకుతెన్ అంటే ఇంద్రుడు. బోంతెన్ అంటే బ్రహ్మ. ఎమ్మా అంటే యముడు. కాంగితెన్ అంటే మన వినాయకుడు. బౌద్ధంతోపాటు చైనా మీదుగా వీళ్ళంతా అక్కడికి చేరారు. అక్కడి షింగోన్ ఆలయాల్లో అగ్ని ముందు కూర్చుని చేసే క్రతువుని 'గోమ' అంటారు. అది మన హోమమే.

మన తెలుగువాళ్ళు ఇంకో సంగతి తెలుసుకోవాలి. కృష్ణా తీరాన నాగార్జునకొండ ఉంది కదా, ఆ పేరున్న ఆచార్య నాగార్జునుణ్ణి జపాన్‌లో 'ర్యూజు' అంటారు. అక్కడి బౌద్ధులు ఆయన్ని ఎనిమిది సంప్రదాయాలకు మూలగురువుగా కొలుస్తారు. షింగోన్ వాళ్ళ కథలో, దక్షిణ భారతంలో ఒక ఇనుప స్తూపం తలుపులు తెరిచి ఆచార్యుడు రహస్య విద్యను అందుకున్నాడని ఉంది. ఆ స్తూపం మన అమరావతి స్తూపమే అయి ఉండొచ్చని కొందరు పండితుల అభిప్రాయం. కాబట్టి వెళ్ళేది పరాయి ఇంటికి అనుకోకండి. మన ఊరి ఆడపడుచు మెట్టినింటికి వెళుతున్నామనుకోండి.

నోట్‌బుక్‌లో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

మళ్ళీ అరణ్యపర్వానికే వద్దాం. యాత్రకు బయలుదేరుతున్న ధర్మరాజుకి రోమశ మహర్షి మొట్టమొదట చెప్పిన మాట ఏమిటో తెలుసా? తేలికవ్వు, తేలికగా ఉంటేనే సుఖంగా తిరగగలవు అని. వెంటనే ధర్మరాజు కష్టానికి ఓర్వలేనివాళ్ళనీ, రుచులు కావాలనేవాళ్ళనీ వెనక్కి పంపేశాడు. వాళ్ళ మీద కోపంతో కాదు. తీర్థానికి బరువు పనికిరాదు కనుక.

అందుకని 27ని తగ్గిద్దాం. పది రోజులకు నాలుగు మజిలీలు చాలు. టోక్యో 2 రోజులు, క్యోటో 4 రోజులు (అందులో ఒక పగలు నారాకి), కోయా కొండ మీద ఒక రాత్రి, హిరోషిమా - మియాజిమా 2 రోజులు, చివరి రోజు ఒసాకా నుంచి తిరుగు ప్రయాణం. ఉత్తరాన హొక్కాయిడో, నిక్కో, ఇసే, ఇవన్నీ నోట్‌బుక్‌లోనే ఉండనివ్వండి. పెద్ద పెట్టెలు మోయొద్దు. అక్కడ 'తక్క్యూబిన్' అని ఒక ఏర్పాటుంది, మీ పెట్టెని ఒక హోటల్ నుంచి తర్వాతి హోటల్‌కి చేరుస్తారు. చేతిలో ఒక చిన్న సంచి చాలు.

టోక్యో. అసకుసాలో సెన్సోజి ఆలయం. ఇద్దరు అన్నదమ్ములు సుమిదా నదిలో వల వేస్తే కన్నోన్ విగ్రహం దొరికిందని, అది 628 నాటి మాట అని స్థలపురాణం. కన్నోన్ అంటే కరుణామూర్తి అవలోకితేశ్వరుడు, అక్కడ అమ్మ రూపంలోనూ కొలుస్తారు. 1945 బాంబు దాడుల్లో ప్రధానాలయం కాలిపోయింది. 1958కల్లా జనం మళ్ళీ కట్టుకున్నారు. అక్కడికి దగ్గర్లోనే మత్సుచియామా షోదెన్ అనే గుడిలో మన గణపతి ఉన్నాడు. విగ్రహాన్ని చూపించరు, ముల్లంగి దుంపలు నైవేద్యం పెడతారు. యాత్ర మొదలుపెడుతున్నాం కాబట్టి విఘ్నేశ్వరుడికి ముందు ఒక దణ్ణం. ఉయెనోలో షినోబజు చెరువు మధ్య సరస్వతి గుడి ఉంది, దానికి మెట్ల బాధ పెద్దగా లేదు.

టోక్యో నుంచి క్యోటోకి షింకాన్సెన్ బుల్లెట్ రైలు. రెండుంపావు గంటల ప్రయాణం. కుడివైపు కిటికీ సీటు, అంటే 'ఈ' వరుస అడగండి. ఆకాశం నిర్మలంగా ఉంటే 3,776 మీటర్ల ఫుజి పర్వతం కనిపిస్తుంది. మబ్బు పడితే కనిపించదు. కనిపించకపోతే దిగులుపడకండి. మబ్బు వెనక కొండ లేకుండా పోదు కదా.

క్యోటో, నారా. నవంబర్ రెండో సగంలో మేపుల్ ఆకులు ఎర్రబడతాయి. చీకటి తొందరగా పడుతుంది, అయిదింటికల్లా సూర్యుడుండడు, కాబట్టి పొద్దున్నే బయలుదేరాలి. సంజూసంగెందోలో 1,001 కన్నోన్ విగ్రహాలు బారులు తీరి ఉంటాయి. వాటి ముందు కాపలా దేవతల్లో బ్రహ్మనీ, ఇంద్రుణ్ణీ, వేణువు ఊదే గరుత్మంతుణ్ణీ వెతికి చూడండి. లోపల ఫోటోలు తీయనివ్వరు. మంచిదే, కళ్ళతోనే చూస్తాం.

కియోమిజుదెర గుడికి ఎక్కుడు దారి ఉంది, మోకాళ్ళు ఒప్పుకుంటేనే. ఫుషిమి ఇనారి వరి పంటని కాచే దేవత కొండ. ఎర్రటి తోరణాలు వేలకొద్దీ. పైదాకా ఎక్కాలన్న నియమం లేదు. పది తోరణాలు దాటి దణ్ణం పెట్టుకుని వెనక్కి తిరిగినా దర్శనమే. ఒక చిన్న మర్యాద గుర్తుంచుకోండి: షింటో క్షేత్రాల్లో రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్ళీ ఒకసారి వంగుతారు. బౌద్ధాలయాల్లో చప్పట్లు వద్దు, చేతులు జోడిస్తే చాలు.

నారాలో తోదైజి మహాబుద్ధుడు దాదాపు 15 మీటర్లు. 752లో ఆ విగ్రహానికి కళ్ళు తెరిచే ఉత్సవం చేసింది ఎవరనుకున్నారు? మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడు. ఆయన పట్టుకున్న కుంచెకి పొడవాటి దారాలు కట్టారు. వచ్చిన జనం ఆ దారాలు పట్టుకున్నారు. కుంచె పట్టింది ఒక్కడే, పుణ్యం మాత్రం దారం పట్టినవాళ్ళందరికీ. అమ్మా, మీ రెండో ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మీవారు 27 చోట్లూ చూడలేదు. మీరు కొన్నే చూస్తారు. కానీ ఆ దారం రెండో కొస ఆయన చేతిలోనే ఉంది. అన్ని చోట్లకీ వెళితేనే దారం నిలుస్తుందని లేదు.

కోయా కొండ. ఒకవేళ జ్వరమో, వానో వచ్చి ఇంకొన్ని వదిలేయాల్సి వచ్చినా, దీన్ని మాత్రం వదలకండి. ఒసాకా నంబా స్టేషన్ నుంచి రైలు, తర్వాత కేబుల్ కారు, ఆపైన బస్సు. నడక తక్కువే. 816లో కూకై అనే మహాత్ముడు స్థాపించిన క్షేత్రం ఇది. ఆయన్నే కోబో దైషి అంటారు. 835లో ఆయన దేహం వదల్లేదనీ, సమాధిలో ధ్యానంలోనే ఉన్నారనీ భక్తుల నమ్మకం. ఈరోజుకీ రోజుకి రెండుసార్లు ఆయనకు భోజనం తీసుకెళతారు. మన బృందావన సన్నిధులు గుర్తొస్తాయి.

ఆలయాల్లోనే బస చేయొచ్చు. అక్కడ పెట్టే 'శోజిన్' భోజనంలో మాంసం, చేపలు ఉండవు, సంప్రదాయంగా ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. బయట హోటళ్ళలో మాత్రం జాగ్రత్త. కూరగాయల సూప్ అన్నా, అందులో చేప రసం 'దాషి' ఉండొచ్చు. ముందే అడగాలి. జపాన్ భాషలో ఒక చీటీ రాయించుకుని దగ్గర పెట్టుకోండి.

ఈ కొండ మీదకి ఒకప్పుడు ఆడవాళ్ళని రానిచ్చేవారు కాదు. కొండ అంచున 'న్యోనిందో' అనే చిన్న మందిరం దాకా వచ్చి, అక్కడి నుంచే దణ్ణం పెట్టుకుని వెళ్ళేవారు. 1872లో ప్రభుత్వం అలాంటి నిషేధాలు ఎత్తేసింది. ఆ మందిరం ఇప్పటికీ ఉంది. మీరు బస్సులో వెళుతూ దాని ముందు నుంచే లోపలికి వెళతారు. "నువ్వు వెళ్ళకూడదు" అన్నవాళ్ళ మాట అక్కడ ఏమైందో ఒక్క క్షణం తలచుకోండి.

ఒకునోయిన్‌కి వెళ్ళే దారి 2 కిలోమీటర్లు. రెండువైపులా ఆకాశాన్నంటే దేవదారు లాంటి చెట్లు, వాటి కింద రెండు లక్షలకు పైగా సమాధులు, స్మారకాలు. రాజులవీ, పేదలవీ, పక్కపక్కనే. నాచు అందరి మీదా ఒకేలా పట్టింది. దుఃఖం మన ఒక్కరికే వచ్చిందనుకునే మనసుకి, అక్కడ నడిస్తే ఊరట దొరుకుతుంది.

మియాజిమా, హిరోషిమా. మియాజిమాలో సముద్రంలో నిలబడ్డ ఎర్ర తోరణం, పక్కనే దైగాంజిలో మళ్ళీ మన సరస్వతి. ఆటుపోట్ల వేళలు చూసుకుని వెళ్ళండి. ఒకే తోరణం పోటులో నీళ్ళ మీద తేలుతున్నట్టు, ఆటులో నేల మీద నిలుచున్నట్టు ఉంటుంది.

హిరోషిమాలో శాంతివనంలో కొన్ని చెట్లున్నాయి. 1945 ఆగస్టు 6న అణుబాంబుకి మాను ఒకవైపు కాలిపోయింది. అయినా ఆ చెట్లు మళ్ళీ చిగురించాయి. తర్వాత వాటిని ఆ వనంలోకి తెచ్చి నాటారు. కాలిన మచ్చ పోలేదు. చిగురూ ఆగలేదు. వైరాగ్యం అంటే మచ్చ లేనట్టు నటించడం కాదు. మచ్చతోనే చిగురించడం.

ఇద్దరు కలిసి

చివరిగా ఒక్క మాట. షికోకు ద్వీపంలో 88 ఆలయాల ప్రదక్షిణ యాత్ర ఉంది, దాదాపు 1,200 కిలోమీటర్లు. యాత్రికుల టోపీ మీద 'దోగ్యో నినిన్' అని రాసి ఉంటుంది. "ఇద్దరం కలిసి నడుస్తున్నాం" అని అర్థం. ఒంటరిగా నడిచేవాళ్ళ టోపీ మీద కూడా అదే ఉంటుంది. రెండోవాడు ఎవరు? కోబో దైషి. చేతికర్రే ఆయన అని వాళ్ళ భావం. అందుకే సత్రంలో దిగగానే తమ కాళ్ళకంటే ముందు ఆ కర్ర అడుగు కడుగుతారు.

కాబట్టి అమ్మా, మీ పక్కన ఖాళీగా ఉన్న సీటులో మీవారిని కూర్చోబెట్టుకుని ఏడుస్తూ వెళ్ళకండి. ఆ సీటులో మీ ఇష్టదైవాన్ని కూర్చోబెట్టుకోండి. మీవారు కూడా ఆయన దగ్గరే ఉన్నారు. ఆయన తరఫున చూడాలన్న అప్పు మీ మీద లేదు. మీ కళ్ళతో, మీ కోసం చూడండి. ఎర్రటి ఆకు నచ్చితే నవ్వండి. నోట్‌బుక్ వెంట తీసుకెళ్ళండి. వెళ్ళిన చోట తేదీ రాయండి. వెళ్ళలేని చోటు పక్కన కొట్టివేత గీత మాత్రం పెట్టకండి, ఖాళీగా వదిలేయండి. మీ అబ్బాయి ఏదో ఒకనాడు తన పిల్లలతో వెళతాడు.

మీలో ఎవరైనా ఇలాంటి ప్రయాణం వాయిదా వేసుకుంటూ ఉంటే, ఈ మాటలు వాళ్ళకీ వర్తిస్తాయి. తేలికగా బయలుదేరండి. క్షేమంగా వెళ్ళి లాభంగా రండి.

శుభమస్తు.