షెడ్లు ఎక్కడ వేశారు?

రఘూ,

మొన్న ఫోన్‌లో నీ కిటికీలోంచి మంచుకొండలు చూపించావు. కింద, నదిని ఆనుకుని నీలం రేకుల షెడ్లు కనిపించాయి. ఎవరివిరా అంటే "మా సైటు లేబర్‌వి తాతయ్యా" అని మాట మార్చేశావు.

అవి చూస్తే నాకు నా తమ్ముడు గుర్తొచ్చాడు. హాల్లో చిన్న తాతయ్య ఫొటో చూపించి, వాణ్ని కొండ మింగిందని మీ నాయనమ్మ చెప్పేది కదూ. పాపం, కొండనెందుకు అనాలి? మన్యంలో పనికి ఇద్దరం కలిసే వెళ్లాం. డిప్లొమా ఉంది కాబట్టి నాకు గట్టు మీద క్వార్టర్సు ఇచ్చారు. వాడిది రోజుకూలి, వాగు పక్కన పాక. ఆ రాత్రి వానకి చరియ జారింది. పొద్దున నా గదిలో కొక్కేనికున్న చొక్కా కూడా తడవలేదు. పాకలున్నచోట బురదలోంచి సత్తు క్యారేజీ మూత ఒకటి తేలింది. ఎంతమంది పోయారో లెక్కే తేలలేదు. పేర్లన్నీ మేస్త్రీకే తెలుసు, మేస్త్రీ కూడా పోయాడు. ఆ ఊరి కోయవాళ్ల ఇళ్లన్నీ పైనే ఉండేవి. పాకలు ఎక్కడ వెయ్యాలని వాళ్లనెవరూ అడగలేదు.

మీ ఉత్తరాఖండ్ వైపూ అంతేగా. మాణా ఊరివాళ్లు చలికాలం రాగానే కిందికి దిగిపోతారు. రోడ్డు పని కూలీలు మాత్రం కంటైనర్లలో ఉండిపోయారు. 2025 ఫిబ్రవరి 28న మంచు విరిగిపడి 54 మంది చిక్కుకుంటే 8 మంది పోయారు. 2021లో రిషిగంగ వరదకి 200 మందికి పైగా పోవడమో గల్లంతవడమో జరిగింది. అందులో ఎక్కువమంది ప్రాజెక్టు కూలీలే.

ఇప్పుడు హెచ్చరికలు జేబులోనే మోగుతాయట. మోగితే ఏం లాభం? పని మానితే కూలి కోస్తారు. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడు ఫోను చూసి పరిగెత్తుతాడా?

సరే, విను. వానలకి ముందే ఆ షెడ్లు పైకి మార్పించు. ఎక్కడికి మార్చాలో తేల్చుకోడానికి నీ మ్యాపు ఒక్కదాన్నే నమ్ముకోకు. ఊళ్లో ముసలివాళ్లను అడుగు, నీళ్లు ఇదివరకు ఎందాకా వచ్చాయో చూపిస్తారు. ప్రతి కూలీ పేరూ, ఇంటి ఫోన్ నంబరూ రాసి ఒక కాపీ నీ దగ్గర, ఒకటి కింద ఆఫీసులో ఉంచు. హెచ్చరిక వచ్చిన రోజు పని ఆపినా కూలి ఇస్తామని కాంట్రాక్టరు చేత కాగితం మీద రాయించు. కుదరదంటే ఆ మాటే రాసిమ్మను. పైవాళ్లకు పంపు. ఉద్యోగం పోతే ఇంటికి రా, బియ్యం ఉన్నాయి.

షెడ్లు మార్చాక ఫోన్ చెయ్. రాత్రి తొమ్మిది దాటితే నేను పడుకుంటాను, పొద్దున్నే చెయ్.

మీ తాతయ్య