తెలియక చేసిన హింస

"మేము మాంసము ముట్టము, జీవిని చంపము, కనుక మాకు హింసాదోషము లేదు" అని మన వీరశైవ కుటుంబములలో పెద్దలు తృప్తితో పలుకుట కలదు. ఆ నియమము గొప్పది. తరతరములుగ దానిని కాపాడుకొని వచ్చిన మన తల్లులు వందనీయులు. కాని ఒక ప్రశ్న మిగిలియున్నది. చేయి ఎత్తకయే, కత్తి పట్టకయే, చంపవలెనను తలపు లేకయే మనవలన ఒక ప్రాణి నశించినచో ఆ దోషము ఎవరిది? బసవేశ్వరుడు దయను ధర్మమునకు మూలముగ బోధించెను. ఆ దయ మన సంకల్పముతో ముగియునా, లేక మన పని పోయి చేరు చోటివరకు వెంట నడవవలెనా?

సికిందరాబాదు వాసులకు ఇది దూరపు ప్రశ్న కాదు. టాంకుబండు మీదుగ హైదరాబాదు పోవునపుడెల్ల మన కన్నులయెదుట నిలుచునదే. 1562లో ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణమున వెలసిన హుస్సేన్‌సాగరము ఒకప్పుడు నగరమునకు త్రాగునీరిచ్చిన చెరువు. తరువాతి కాలమున కూకట్‌పల్లి నాలా వెంట పారిశ్రామికవాడల వ్యర్థజలములు, ఇతర నాలాల వెంట ఇండ్ల మురుగు దానిలో చేరినవి. మురుగు కుళ్లునపుడు నీటియందలి ప్రాణవాయువును హరించును. చేపలు ఊపిరాడక చచ్చి తేలును. చేపలపై బ్రతుకు కొంగలు, నీటికాకులు మేత లేక చోటు విడిచి పోవును.

ఆ చేపను చంపినదెవరు? వెదకిన ఎవరును దొరకరు. ఒకరు స్నానము చేసిరి. ఒకరు బట్టలు ఉతికిరి. ఒకరు కర్మాగారమున జీతమునకు పనిచేసిరి. ఒకరు పూజాపుష్పములను ప్లాస్టిక్ సంచితో సహా నీటిలో విడిచి నమస్కరించిరి. ఎవరి మనస్సునను హింస లేదు. చెరువునందు మాత్రము హింస జరిగినది.

చెరువు విషయమున మన అజాగ్రత్తయైనను కంటికి కనబడుచున్నది. అజాగ్రత్త కాక, దయయే కారణమై పక్షిజాతులు అంతరించుటకు సిద్ధమైన ఉదంతము మరియొకటి కలదు. అది రాబందుల కథ.

లేపాక్షి వీరభద్రస్వామిని దర్శించిన మనవారందరును అచట జటాయువు కథ విన్నవారే. ఆ జటాయువు కులము పూర్వము మన పల్లెలకు చేసిన సేవ చిన్నది కాదు. ఊరిబయట పడవేసిన పశువు కళేబరమును రాబందుల గుంపు గంట గడువకముందే శుభ్రము చేసి, రోగము ప్రబలకుండ కాపాడెడిది. 1990ల ఆరంభమున డైక్లోఫెనాక్ అను నొప్పిమందును పశువులకు ఇచ్చుట మన దేశమున మొదలైనది. కుంటుచున్న ఎద్దును, పొదుగు వాచిన ఆవును చూచి రైతు కరగి ఆ మందు వేయించెను. బసవడని ఎద్దును కొలుచు మనవారికి అది పుణ్యకార్యమే. కాని మందు పడిన పశువు కొలది దినములలో మరణించినచో, దానిని తిన్న రాబందుల మూత్రపిండములు చెడి అవి రాలిపోయెను. నూటికి ఒకటి కన్న తక్కువ కళేబరములలో ఆ మందు మిగిలినను ఆ పక్షుల నాశమునకు చాలునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఏలయన రాబందు ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెట్టును. 1992 మొదలు 2007 వరకు మన దేశమున తెల్లవీపు రాబందులు నూటికి తొంబదితొమ్మిదికి పైగ తగ్గిపోయినవి. 2013లో బెజ్జూరు అడవులలోని పాలరాపు గుట్టపై పొడవుముక్కు రాబందుల గూళ్లు కనబడినపుడు, ఒకప్పుడు ప్రతి ఊరనున్న పక్షి కొరకు జనులు పండుగ చేసికొనవలసి వచ్చినది.

ఈ కథలో పాపాత్ముడెవడు? 2004 వరకు ఎవరును కారు. అప్పటికి కారణము తెలియదు. ఆ సంవత్సరమున పరిశోధకులు కారణమును బయటపెట్టిరి. 2006లో మన ప్రభుత్వము పశువులకు ఆ మందును నిషేధించినది. అయినను మనుష్యుల కొరకు తయారగు పెద్ద సీసాలను కొని పశువులకు వాడినవారుండిరి. అందుచేత 2015లో ఆ సీసాలను కూడ 3 మిల్లీలీటర్లకు కుదింపవలసి వచ్చినది. మందు అదే, ఎద్దు అదే, చేయి అదే. కాని తెలియక మునుపు చేసిన పని, తెలిసిన పిమ్మట చేసిన పని ఒకటి కావు. మొదటిది పొరపాటు. రెండవది హింస.

"ఊపిరి పీల్చినను సూక్ష్మజీవులు చచ్చును గదా! ఇంత లెక్కించినచో బ్రతుకుటెట్లు? కర్మాగారములు మూసి కాయకము మానవలెనా?" అని కొందరు అడుగుదురు. సమంజసమైన ప్రశ్నయే. దీనికి సమాధానము రాబందుల కథలోనే యున్నది. ఎద్దుపై దయ మానవలసిన పని లేకపోయినది. మెలాక్సికామ్ అను మరియొక మందు పశువు నొప్పిని తగ్గించును, రాబందును చంపదు. మానవలసినది దయ కాదు, కాయకము కాదు. తెలిసికొనుటకు ఒల్లని సోమరితనము. తెలియనివానిని శివుడు క్షమించును. తెలిసికొన నొల్లనివాడు క్షమను అడుగనే లేదు.

స్థావరము కన్న జంగమమునకు పెద్దపీట వేసినది మన మార్గము. జంగమమనగా మనకు సంచరించు గురుస్వరూపము. సంస్కృతమున ఆ శబ్దమునకే చలించు ప్రాణి యని సామాన్యార్థము కలదు. ఈ రెండర్థములు ఒకటేయని నేను వాదింపను. కాని జంగమమును ఇంటికి పిలిచి పాదోదకమును కన్నులకద్దుకొను మనము, ఎగురు ప్రాణి, ఈదు ప్రాణి త్రాగు నీటిని విషము చేయుట తగునా? లింగమునకు అభిషేకించు నీరు శుచిగ నుండవలెనని కోరు మనము, మన గడప దాటిన నీరు ఎచటికి పోవుచున్నదో అడుగవలదా?

చేయవలసినవి గొప్ప వ్రతములు కావు. పశువైద్యుని పిలిచినపుడు మందు పేరడుగుడు. మఠములలో దాసోహము జరుగునపుడు మోదుగాకు విస్తళ్లు వేయుడు. పూజాపుష్పములను చెరువున విడువక మీ పెరటి మట్టిలో కలుపుడు. కర్మాగారమున పనిచేయు బిడ్డలు, తమ కాయకపు వ్యర్థము ఏ వాగున కలియుచున్నదో విచారింపవలెను. తెలిసినది దాచకుండుటయు కాయకమే.

శివశరణులారా! మాంసము ముట్టని నాలుక మనకు పెద్దలిచ్చిన సొత్తు. మన మురుగు, మన మందు, మన సంచి ఎచట ఏ ప్రాణి నోట పడుచున్నదో చూచు కన్ను మాత్రము ఎవరును ఇచ్చునది కాదు. దానిని మనమే తెరువవలెను. అపుడుగాని మన అహింస సంపూర్ణము కాదు.

శరణు శరణార్థి.