సత్రపు యజమాని ఖర్చులు

మన ప్రాంతంలో ఏ వృద్ధాశ్రమానికి వెళ్ళినా గుమ్మం పక్కన పాలరాతి ఫలకం ఒకటి కనిపిస్తుంది. ఈ హాలు ఫలానా వారి జ్ఞాపకార్థం, ఈ గది ఫలానా కుటుంబం వారి కానుక అని దాని మీద చెక్కి ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. చనిపోయిన తల్లిదండ్రుల పేరు నలుగురి కంట పడాలని కోరుకోవడం మానవ సహజం. కాని "ఈ డ్రైనేజీ పైపు ఫలానా వారి కానుక" అని గాని, "ఈ మంచినీటి ట్యాంకును ఏటా ఫలానా వారు కడిగిస్తున్నారు" అని గాని రాసిన ఫలకాన్ని మీరెవరైనా చూశారా? నేనైతే చూడలేదు.

ఒకసారి విచారణ సలహా సంఘంలో ఒక పెద్దాయన సూటిగా అడిగారు: "ఫాదర్‌గారూ, ముసలివాళ్ళ కోసమని మేమిచ్చిన డబ్బు సిమెంటుకీ, మోటారు వైండింగుకీ పోతుంటే ఇక వాళ్ళకి మిగిలేదేముందండీ?" అడిగినవారు పిసినారి కారు. ఏటా తన తల్లిగారి వర్ధంతికి ఆశ్రమంలో అందరికీ భోజనం పెట్టించే మనిషి. అందుచేత ఆ ప్రశ్నను కొట్టివేయరాదు. అన్నం పెట్టడం ప్రేమ కార్యమని అందరికీ తెలుసు. మరి కారుతున్న కప్పుకు మరమ్మతు చేయించడం ప్రేమ కార్యమా, లేక వట్టి మేనేజిమెంటా?

పునీత తోమాసు అక్వినాసు 13వ శతాబ్దంలో రాసిన 'సుమ్మా తెయొలోజియా' అనే గ్రంథంలో దీనికి దగ్గరగా ఉన్న చర్చ ఒకటి ఉంది. దేవుడు లోకాన్ని సృష్టించడం ఒక పని, దాన్ని నిలబెట్టడం వేరొక పని అని మనం అనుకుంటాం. ఆయన అలా కాదంటారు. నిలబెట్టడమంటే సృష్టించిన ఆ ఒక్క క్రియే ఎడతెగక సాగడం. సూర్యుని వెలుగు గాలిలో ఉన్నట్టుగా లోకం ఉంది. సూర్యుడు తొలగితే వెలుగూ ఉండదు. దీనికి భిన్నమైన ఉదాహరణగా ఆయన ఇల్లు కట్టేవాణ్ణి చూపిస్తారు. మేస్త్రీ వెళ్ళిపోయినా ఇల్లు నిలుస్తుంది, ఎందుకంటే అది రాయి, కొయ్యల స్వభావాన్ని బట్టి నిలిచేది.

ఎంతకాలం నిలుస్తుందో మన కోస్తా జిల్లాల వారిని అడగాలి! ఉప్పుగాలికి స్లాబులోని ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, కాంక్రీటు పెచ్చులుగా ఊడి పడుతుంది. సరే, అది పక్కన పెడదాం. గోడలు మేస్త్రీ లేకుండా నిలిస్తే నిలవవచ్చు. కాని మనం ముసలివారికి ఇస్తామన్నది గోడలు కాదు, ఆశ్రయం. ఆశ్రయం గోడల్లాంటిది కాదు, వెలుగులాంటిది. ఎవరో ఒకరు పూటపూటా నిలబెడుతుంటేనే ఉంటుంది, వారు చేయి తీసిన నాడు భవనం ఉన్నా ఆశ్రయం పోతుంది.

ఇది మాటల గారడీ అనుకునేవారు ఒక ఆశ్రమంలో రాత్రి రెండు గంటలకు మరుగుదొడ్డి దాకా నడిచి చూడాలి. వరండాలో బల్బు మాడిపోయి వారమైంది. గోడకున్న పట్టుకమ్మి ఒక మేకు ఊడి కదులుతోంది. గచ్చు మీద పాచి. మీకూ నాకూ అది చిరాకు, అంతే. డెబ్బై ఎనిమిదేళ్ళ మామ్మగారికి అదే తుంటి ఎముక విరగడం, అటుపైన మంచం. బల్బు ఖరీదు ఎంత? చక్రాల కుర్చీ కోసం కట్టిన వాలు సంగతీ అంతే. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని నియమం. చాలాచోట్ల తనిఖీకి వచ్చేవారి కోసం నాలుగైదు అడుగుల్లో ముగించేస్తారు. దాని మీద ఎక్కడం కుర్చీ తోసే కుర్రవాడి వల్లే కాదు, కూర్చున్న తాతగారి మాట చెప్పనక్కరలేదు.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టం కూడా జిల్లాకు కనీసం ఒక ఆశ్రమాన్ని, 150 మందికి సరిపోయేట్టు, ప్రభుత్వం స్థాపించి నిర్వహించవచ్చు అంటుంది. స్థాపించడం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు.

మంచి సమరియుని కథ మనకందరికీ తెలుసు. నూనె, ద్రాక్షారసం, గాడిద అన్నీ గుర్తుంటాయి. సత్రపు యజమాని మాత్రం ఎవరికీ గుర్తుండడు. కాని గాయపడిన మనిషి కోలుకున్నది ఎవరి కప్పు కింద? సమరియుడు అతని చేతిలో రెండు నాణేలు పెట్టి, ఇంకా ఖర్చయితే తిరుగు ప్రయాణంలో తీరుస్తానని మాట ఇచ్చి వెళ్ళాడు. ఆ 'ఇంకా అయ్యే ఖర్చు'కు పూచీ పడడమే నాకు ఆ కథలో అన్నిటికంటే అరుదైనదిగా తోస్తుంది. మన దాతల్లో మొదటి రెండు నాణేలు ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. అందుచేత ఆ పెద్దాయనకు నా జవాబు: అవునండీ, మోటారు వైండింగు కూడా అన్నమే. నీళ్ళు ఎక్కకపోతే వంట లేదు, స్నానం లేదు.

అయితే ఖర్చు తగ్గించుకోవడానికి ఇంకొకరి ప్రాణాన్ని పణంగా పెట్టే హక్కు ఏ ఆశ్రమానికీ లేదు. రక్షణ పరికరాలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. "వాళ్ళకి అలవాటేలెండి" అనే మాట భక్తిగల నోళ్ళ నుంచే విన్నాను.

ఇంతవరకు భవనం తరఫున మాట్లాడాను. ఇక దానికి ఎదురుగా చెప్పవలసినదీ ఉంది. భవనాన్ని చూసుకోవడం ఒక వ్యసనం కూడా కాగలదు. అద్దంలాంటి నేల, వరుస తప్పని మంచాలు, గోడకు మేకు కొట్టరాదనే నియమం. ఒక మామ్మగారు భర్త ఫోటో తగిలించుకుంటానంటే, పీఠాధిపతులవారి రాకకు వేసిన రంగు పాడవుతుందని అడ్డుపడిన సంగతి నాకు తెలుసు. ఆ రంగు ఎవరి కోసం వేసినట్టు? పునీత జాన్ జుగాన్ 1839 చలికాలంలో ఒక గుడ్డి వృద్ధురాలిని ఇంటికి తెచ్చి తన మంచం ఆమెకిచ్చింది. ఆ రోజు ఆమెకు ఆశ్రమ భవనం లేదు, ఒక మంచం ఉంది. అక్కడ సొంతదారు వచ్చిన మనిషే అయింది.

తాళం విషయంలో ఈ చిక్కు మరీ ముదురుతుంది. మతిమరుపు వచ్చిన తాతగారు రోడ్డెక్కితే లారీ కింద పడతారు. కాబట్టి గేటుకు తాళం. ఇది అబద్ధపు భయం కాదు. అయితే 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో ఒక మానసిక రోగుల ఆశ్రమం తగలబడితే 28 మంది చనిపోయారు. వారిని గొలుసులతో కట్టి ఉంచారు. అక్కడి వారు కూడా గొలుసు రక్షణ కోసమేనని చెప్పుకునే ఉంటారు. తాళం పడ్డ ప్రతిచోటా ఈ ప్రశ్నలు అడగాలి: ఇది లోపలివారి క్షేమానికా, కాపలావాడి నిద్రకా? తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఆ మనిషి రాత్రి ఎంత దూరంలో పడుకుంటాడు? ఆ తాతగారికి సాయంత్రం పూట గేటు దాకా తోడు నడిచేవారు ఎవరైనా ఉంటే, ఆ గంటసేపు తాళం అవసరమా?

మీరు ఈసారి పండ్లు, బిస్కెట్లు తీసుకుని ఆశ్రమానికి వెళ్ళినపుడు సిస్టరుగారిని ఆ తాళంచెవి గురించి అడగండి. అలాగే స్నానాల గది ఒకసారి చూసి రండి.