చెప్పుటయు, వినుటయు

ప్రకృతికి మేలుచేయ బూనిన సంస్థ తనవారితో నెట్లు మాటలాడవలెను? ఇది కార్యాలయపు పద్ధతికి సంబంధించిన ప్రశ్నయని పలువురు తలంతురు. ఇది ధర్మమునకు సంబంధించినదని నాకు తోచుచున్నది.

ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2014లో రైతు సాధికార సంస్థను లాభాపేక్షలేని కంపెనీగా నెలకొల్పినది. 2016 నుండి అది రసాయనములు లేని ప్రకృతి వ్యవసాయమును వ్యాపింపజేయుచున్నది. అనుభవముగల రైతే సాటిరైతునకు బోధకుడగుటయు, గ్రామస్త్రీల సంఘము లాధారమగుటయు దాని విశేషములు. ఈ కార్యమునకు 2024లో గుల్బెంకియన్ బహుమానమున భాగము లభించినది.

చెప్పుట చక్కగనే యున్నది. వినుట మాట యేమి? తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో వరి పండించువారిలో కౌలుదారు లనేకులు. పంట తగ్గినను కౌలు తగ్గదు. జీవామృతము పోసినను చేను ఫలింపలేదని కౌలుదారు మొరపెట్టినపుడు, బోధకుడు ఆ మాటను దాచి, క్రొత్తగా చేరిన రైతుల సంఖ్యను మాత్రమే పైకి బంపెననుకొందము. అప్పుడు నష్టము పేదవాని పాలగును. కీర్తి సంస్థ పాలగును.

చెడువార్తలు ఉద్యమమునకు కీడుచేయునని కొంద రందురు. కాని దాచిన లోపము మరుసటి యేట పదిచేలకు ప్రాకును. కాలువనీరు పైనుండి క్రిందికి పారును. చివరిభూమికి నీరందలేదను వార్త మాత్రము క్రిందినుండియే పైకి రావలెను. ఆ వార్త తెచ్చినవానిని కసరినచో, రెండవమారు వాడు రాడు.

నేలకు విషము పెట్టరాదని బోధించువారు నిజము పలికినవాని నోరు నొక్కరాదు. ఆ రెండును ఒకే ధర్మము.