గాజుతొట్టిలో మాత్స్యన్యాయం

సోమాజిగూడలోని మా ఇంటి హాల్లో మూడడుగుల గాజుతొట్టి ఒకటుంది. అందులో చేపల్ని పెంచడం మావారి సరదా. తొట్టి కడగడం, నీళ్ళు మార్చడం, కరెంటు పోతే బుడగల మోటారు ఆగిపోయిందని కంగారు పడడం నా పని. మగవాళ్ళ సరదాలన్నీ ఇంతే కదా! ఎక్కడో ఒకచోట మన చేతులు తడవాల్సిందే.

ఆ తొట్టికి యజమాని ఒక ఆస్కార్ చేప. కొన్నప్పుడు పది రూపాయల బిళ్ళంత ఉండేది. ఏడాది తిరిగేసరికి అరచేతిని మించిపోయింది. నల్లటి ఒంటిమీద నారింజరంగు మరకలు, గుండ్రటి కళ్ళు. మావారు గుమ్మంలో చెప్పులు విడవగానే గాజు దగ్గరకొచ్చి తోకాడిస్తుంది. చేతిలోంచే మేత అందుకుంటుంది. మేం దాన్ని 'దొరగారు' అని పిలుస్తాం. దొరగారికి ఒకటే దుర్గుణం. సగం తిని సగం వదిలేస్తారు. ఆ మిగిలింది అడుగున పడి, కుళ్ళి, నీళ్ళు వాసనొచ్చేవి.

అమీర్‌పేటలో చేపలమ్మే అతనికి చెప్పుకుంటే నవ్వేశాడు. "ఈ క్లీనర్లు వేసుకోండమ్మా. వీటికి వేరే మేత కూడా అక్కర్లేదు. పెద్ద చేప వదిలేసింది తిని బతికేస్తాయి" అన్నాడు. ఖర్చు లేకుండా పనిచేసి పెట్టే ప్రాణి అంటే ఏ గృహిణికి చేదు? ఆరు పిల్లల్ని ప్లాస్టిక్ సంచీలో పోయించుకుని తెచ్చుకున్నాను.

అవి కోరిడోరస్‌లట. మన జెల్లల్లా మీసాలున్న చేపలు, క్యాట్‌ఫిష్‌లన్నమాట. పుట్టిల్లు దక్షిణ అమెరికా. మిరియాల పొడి చల్లినట్టు ఒంటినిండా చుక్కలు. ఈ చుక్కల రకాన్ని బీగిల్ ఓడ మీద వెళ్ళిన డార్విన్ అక్కడ పట్టుకొస్తే, జెనిన్స్ అనే ఆయన 1842లో దానికి శాస్త్రీయమైన పేరు పెట్టాడట. పెరిగితే రెండంగుళాలు, రెండున్నర. నేను తెచ్చినవి నా చిటికెన వేలి గోరుకి కాస్త పెద్దవి. రోజంతా మీసాలతో అడుగున వెతుక్కుంటూ, ఉన్నట్టుండి ఒక్క ఊపున పైకొచ్చి గాలి గుటక వేసి, మళ్ళీ అడుక్కి జారిపోయేవి. చూడటానికెంత ముచ్చటగా ఉండేదో!

సరిగ్గా ఆ నెలలోనే మా ఆడపడుచు కూతురు కైకలూరు నుంచి వచ్చింది. డిగ్రీ అయింది. అమీర్‌పేటలో ఏదో కంప్యూటర్ కోర్సు చేరుతుందట. మైత్రీవనం చుట్టుపక్కల సందులు మీకు తెలిసే ఉంటాయి. ఒక బోర్డు పక్కన మరో బోర్డు, కోర్సుల పేర్లూ హాస్టళ్ళ పేర్లూ కలిసిపోయి ఏది ఏదో తెలియదు. "అయినవాళ్ళిల్లు ఉండగా హాస్టలేమిటి? ఒక మనిషి మాకు ఎక్కువా?" అన్నాను నేనే. ఎర్రమంజిల్‌లో మెట్రో ఎక్కితే మధ్యలో పంజగుట్ట, ఆ తర్వాత అమీర్‌పేటే.

పిల్ల బంగారం. పొద్దున్నే లేచేది. లేచింది కదా అని పాల పేకెట్లు తెమ్మన్నాను. తెచ్చింది కదా అని కాఫీ కలపమన్నాను. మా అబ్బాయి తన చొక్కా ఇస్త్రీ చేసి పెట్టమన్నాడు. మావారు సాయంత్రం, "అమ్మాయ్, కాస్త మంచినీళ్ళు" అనేవారు. నేను నవల రాసుకుంటూ కూర్చుంటే కుక్కర్ కూతలు లెక్కపెట్టేది ఆ పిల్లే. ఎవరూ ఒక్క పరుషమైన మాట అన్లేదు. "మా అమ్మాయి వచ్చాక ఇల్లెంత హాయిగా ఉందో!" అని ఇరుగుపొరుగుతో మురిసిపోయాను కూడా. చదువుకోవడానికి హాల్లో సోఫా చూపించాను. పక్కనే టీవీ. ఎదురుగా దొరగారి తొట్టి.

రెండు నెలలు గడిచాయి. ఒకరాత్రి పదకొండింటికి మా అబ్బాయి పెట్టిన కేకకు అందరం హాల్లోకి పరిగెత్తాం. దొరగారు నోరు తెరుచుకుని తొట్టి మూల ఒరిగిపోయి ఉన్నారు. నోట్లోంచి చుక్కల తోక ఒకటి బయటికి కనిపిస్తోంది. గాలి గుటకకి పైకొచ్చిన పిల్లని అందుకున్నట్టున్నారు. అది గొంతుకి అడ్డం పడింది. మింగలేక కక్కలేక అని మనం రోజుకోసారైనా అంటుంటాం కదా, ఆ మాటకి అర్థం నాకు ఆ రాత్రి తెలిసింది.

మావారు కంగారుగా తోక పట్టుకుని లాగబోయారు. "వద్దు మామయ్యా!" అంది ఆ పిల్ల. అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి వినడం. "జెల్ల ముల్లు అది. లాగినకొద్దీ విచ్చుకుంటుంది." వాళ్ళ నాన్నవి చేపల చెరువులు. ఈ జాతి చేపకి వీపుమీద ఒకటి, పక్కరెక్కలకి చెరొకటి గట్టి ముళ్ళుంటాయి. ప్రమాదం వస్తే వాటిని నిటారుగా నిలిపి బిగించేస్తుంది. ఇక ఎంత నొక్కినా వంగవు. మా పిల్ల తడిగుడ్డలో దొరగారిని చుట్టి పట్టుకోమంది. చిన్న కత్తెరతో ఒక్కో ముల్లూ కత్తిరించి, మెల్లగా ఆ చిన్నదాన్ని బయటికి తీసింది. దొరగారు బతికారు. చిన్నది పోయింది.

దాన్ని అరచేతిలో పెట్టుకుని కరివేపాకు కుండీ దగ్గరికి వెళుతూ అంది: "ముల్లుండి దీనికేం లాభం అత్తయ్యా? తను పోయాక కదా అది గుచ్చుకునేది!"

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పొద్దున మావారు కాఫీ తాగుతూ, "ఇందులో ఎవరి తప్పూ లేదోయ్. పెద్ద చేప చిన్న చేపని తినడం ప్రకృతి ధర్మం" అన్నారు. ఆయన మాట సగం నిజమే. దొరగారికి చిన్నచేప మీద కక్ష ఏముంటుంది? నోట్లో పట్టేదేదైనా ఆస్కార్‌కి ఆహారమే. అది తెలియక తెచ్చింది నేను. కాని ఆయన మాటలో రెండో సగం నాకు మింగుడు పడలేదు. ప్రకృతి అంటే దక్షిణ అమెరికాలో మైళ్ళ కొద్దీ సాగే నది. బురద, వేళ్ళు, ఆకులు, దాక్కోవడానికి సందులు. తప్పించుకునేందుకు చిన్నదానికి వందదారులు. మా హాల్లోని మూడడుగుల గాజులో ప్రకృతి ఎక్కడుంది? ఆ గోడలు మేం కట్టినవి. ఎవరి పక్కన ఎవరుండాలో మేం నిర్ణయించాం. అన్నీ మనం ఏర్పాటు చేసి, జరగరానిది జరిగినప్పుడు మాత్రం ప్రకృతి అనేస్తే ఎలా?

నేను బి.ఏ.లో చదువుకున్న మాత్స్యన్యాయం గుర్తొచ్చింది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఉంది. పెద్ద చేప చిన్నదాన్ని మింగినట్టు బలవంతులు బలహీనుల్ని మింగుతుంటే వేగలేక, జనం వైవస్వత మనువుని రాజుగా చేసుకున్నారట. ఎందరుండగా ఆ మనువే ఎందుకు? భారతం అరణ్యపర్వంలో ఆయనకి మరో కథ ఉంది. నది ఒడ్డున తపస్సు చేసుకుంటున్న మనువు దగ్గరికి ఒక చిన్న చేప వచ్చి, పెద్ద చేపలు తినేస్తాయి, కాపాడమని వేడుకుంటుంది. ఆయన దాన్ని కుండలో పెట్టి పెంచుతాడు. కుండ చాలకపోతే దిగుడుబావిలోకి, అదీ చాలకపోతే గంగలోకి, చివరికి సముద్రంలోకి చేరుస్తాడు. ప్రళయం వచ్చినప్పుడు ఆయన ఓడని లాగి రక్షించింది ఆ చేపే. ఒక్క చిన్న చేపని సరిగ్గా పెంచడం తెలిసినవాడినే జనం రాజుని చేసుకున్నారని నాకు తోచింది. ఇది పండితులు ఒప్పుకుంటారో లేదో గాని, తొట్టి కడిగే గృహిణికి మాత్రం బాగా అర్థమయ్యే మాట.

మనువు పెద్ద చేపల్ని తిట్టలేదు. మంచిగా ఉండమని వాటికి నీతులు చెప్పలేదు. చిన్నదానికి వేరే కుండ చూశాడు.

ఇది తలకెక్కాక లేచి హాల్లోకి వచ్చాను. ఆ పిల్ల సోఫా మీద పుస్తకం పెట్టుకుని, ఒక చెవి కుక్కర్ వైపు పెట్టి కూర్చునుంది. నాకు ఒక్కసారిగా అంతా కనిపించింది. మేమెవరం చెడ్డవాళ్ళం కాదు. కాని మా అవసరాల నోళ్ళు పెద్దవి. ఆ పిల్ల పొద్దులూ సాయంత్రాలూ ఆ నోళ్ళలో పట్టేంత చిన్నవి. "ఒక మనిషి మాకు ఎక్కువా?" అని దర్పంగా అన్నానే, అందులో చేపలతని మాటే ఉంది. పెద్దది వదిలేసింది తిని బతికేస్తాయి! ఈ ఇంట్లో ఆ పిల్లకి దక్కుతున్నది మేమందరం వాడుకోగా మిగిలిన సమయం.

తీరా ఆరా తీస్తే ఆ మాట చేపల విషయంలోనూ అబద్ధమే. కోరిడోరస్‌లు మిగులు మీద బతకలేవు. అడుక్కి మునిగే మేత వాటికి ప్రత్యేకంగా వేయాలి. అదీ దీపాలార్పాక వేస్తే స్థిమితంగా తింటాయి. గరుకు రాళ్ళు మీసాల్ని కొరికేస్తాయి, మెత్తటి ఇసుక కావాలి. ఒంటరిగా బెదిరిపోతాయి, అరడజను కలిసి ఉంటేనే ధైర్యం. అవి 'క్లీనర్లు' కావు, మన దగ్గరకొచ్చిన చుట్టాలు.

మిగిలిన అయిదింటికీ ఇంకొకటి జతచేసి వేరే చిన్న తొట్టి పెట్టాం. "పెరిగాక మళ్ళీ కలిపేద్దాంలే అమ్మా" అన్నాడు మా అబ్బాయి. లెక్క వేసి చూశాం. ఇవి రెండున్నర అంగుళాలయ్యే లోపు దొరగారు అడుగు పొడవవుతారు. చిన్నవాళ్ళు ఎదిగితే అంతా సర్దుకుంటుందని మనం అంటుంటాం. పెద్దవాళ్ళ నోళ్ళు కూడా ఎదుగుతాయన్న సంగతి మరచిపోతాం!

"పోనీ, దొరగారు మరీ పెద్దదైతే హుస్సేన్‌సాగర్‌లో వదిలేస్తే?" అన్నారు మావారు. ఆ దారి మనువుకి ఉంది గాని మనకి లేదు. ఇళ్ళలో తొట్టి గోడల నాచు నాకుతుందని తెచ్చుకునే సక్కర్ చేప కూడా ఇలాగే దక్షిణ అమెరికా నుంచి వచ్చిన క్యాట్‌ఫిష్ జాతిదే. అది మన నీళ్ళలో పడి, కృష్ణా జిల్లాల వైపు జాలర్ల వలలు కోసేస్తోంది. రాకాసి చేప అని పేరు పెట్టారు. తూర్పు కనుమల నీళ్ళలో అది పాకిపోయిన సంగతి మన హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలే బయటపెట్టారు. ఒకరు మోయలేక దించేసిన బరువు అది. చేతిలోకి తీసుకున్న ప్రాణిని పెంచడమో, పెంచగలవారికి అప్పగించడమో తప్ప, చెరువులోకి విసిరేసి చేతులు దులుపుకునే హక్కు మనకి లేదు. పెద్ద తొట్టికి డబ్బు కూడబెడుతున్నాం.

ఇక మా పిల్ల సంగతి. నేను రాసుకునే గది తనకిచ్చాను. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ఎవరూ పిలవకూడదని మొదటి మాటగా చెప్పాను. మొదటి వారం ఆ ఆజ్ఞని అందరికంటే ఎక్కువసార్లు ఉల్లంఘించింది ఎవరనుకున్నారు? నేనే. "అమ్మాయ్" అన్న మాట నోటి చివరికొచ్చి ఆగేది. మంచితనం వేరు, అలవాటు వేరని అప్పుడు తెలిసింది. మంచి మనసుంటే చాలు, చిన్నవాళ్ళు మన దగ్గర సుఖంగా ఉంటారనుకుంటాం. చాలదు. వాళ్ళకంటూ ఒక చోటు, ఒక వేళ, మూసుకోడానికి ఒక తలుపు ఉండాలి.

నెల తిరక్కుండానే ఆ పిల్ల నా దగ్గరికొచ్చి, తలొంచుకుని అంది: "అత్తయ్యా, వచ్చే నెల నుంచి హాస్టల్లో ఉంటాను. నా క్లాసులో వాళ్ళు నలుగురున్నారు. కలిసి చదువుకుంటే బావుంటుంది."

నా మనసు చివుక్కుమంది. గది ఇచ్చానే! ఇంకేం తక్కువ చేశానని? మా ఆడపడుచు ఏమనుకుంటుంది? ఈ చివరి ప్రశ్న దగ్గర నాకే సిగ్గేసింది. మనువు కథలో ఒక చిన్న సంగతి మొదట నేను గమనించలేదు. కుండ చాలడం లేదని ప్రతిసారీ చెప్పింది ఆ చేపే. మనువు నొచ్చుకోలేదు. ఇంతకాలం పెంచానే అని లెక్క చెప్పలేదు. అడిగినచోటికల్లా మోసుకెళ్ళాడు. కాపాడటమంటే కుండలో దాచిపెట్టడం అనుకున్నాను. సమయానికి కుండ మార్చడం కూడా అందులో భాగమే.

పెట్టె సర్ది, పచ్చడి సీసాలు కట్టి, ఆటోలో నేనే వెళ్ళి దిగబెట్టి వచ్చాను. ఆదివారాలు వస్తుంది. రాగానే చిన్న తొట్టి దగ్గర కూర్చుని, ఆరూ ఉన్నాయో లేదో లెక్కపెడుతుంది. తర్వాత దొరగారినీ పలకరిస్తుంది. ఆయన మీద దానికేం కోపం లేదు.

ఇప్పుడు పొద్దున్నే పాల పేకెట్లు మా అబ్బాయి తెస్తున్నాడు. మావారు మంచినీళ్ళు తనే ముంచుకుంటున్నారు. వాళ్ళకీ చేతులున్నాయని మా ఇంట్లో కొత్తగా తెలిసింది.